ఐదుకు నాలుగు మార్కులు

“నాలుగంటే ఐదుకు నాలుగా? మంచి మార్కులేగా మరి!” అన్నాడు నాన్న, ఎమ్మారై రిపోర్టును కళ్లజోడుకు దగ్గరగా తెచ్చుకుని.

ముప్పై నాలుగేళ్లు జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలల్లో లెక్కలు చెప్పిన మనిషి. ఏ అంకె కనిపించినా ముందు దాని హారం ఎంతో చూస్తాడు. ఈ మార్కుల్ని తిరగేసి చదవాలనీ, ఒకటి వస్తే నిశ్చింత, ఐదు వస్తే ప్రోస్టేట్ గ్రంథికి క్యాన్సర్ అని గట్టి అనుమానం అనీ యూరాలజిస్టు చెప్పాక రిపోర్టును రెండు మడతలు పెట్టి పాలిథిన్ కవర్లో దోపేశాడు. గుంటూరు నుంచి తెనాలి వచ్చేదాకా బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు.

నేను హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో డేటా పని చేస్తాను. వైద్యుణ్ని కాను గానీ, బొమ్మల్ని చూసి యంత్రం ఎలా నేర్చుకుంటుందో కొంత తెలుసు. ప్రోస్టేట్ క్యాన్సర్‌ను పట్టుకోవడంలో ఏఐ, స్కాను బొమ్మలు చదివే రేడియాలజిస్టులను మించిపోయిందన్న వార్తలు అప్పటికే రెండు మూడు చదివి ఉన్నాను. ఇంట్లో ఈ గొడవ మొదలయ్యాక వాటి వెనక ఉన్న అసలు పత్రాలు తీసి చదివాను. చదివిన కొద్దీ నా అభిప్రాయం మారింది. ఎటు మారిందో చెప్పాలంటే నాన్న సంగతి మొదటి నుంచీ చెప్పాలి.

డెబ్బై రెండేళ్ల నాన్నకు పెద్దగా ఏ బాధా లేదు. రాత్రి రెండుసార్లు లేస్తాడు, అంతే. అక్క పట్టుబట్టి చేయించిన రక్తపరీక్షల్లో పీఎస్ఏ 8.4 వచ్చింది. మామూలుగా 4 దాటితే డాక్టర్లు ఆగి చూస్తారు. పీఎస్ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్) అనేది మగవాళ్లలో మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి తయారుచేసే ఒక ప్రొటీన్. క్యాన్సర్ ఉంటే పెరుగుతుంది. వయసు మీద పడి గ్రంథి ఉబ్బినా పెరుగుతుంది, ఇన్‌ఫెక్షన్ వచ్చినా పెరుగుతుంది. దొంగ వచ్చినా పోస్ట్‌మ్యాన్ వచ్చినా ఒకేలా మొరిగే కుక్క లాంటిది. 1970లో ప్రోస్టేట్ యాంటిజెన్‌ను గుర్తించిన అమెరికన్ శాస్త్రవేత్త రిచర్డ్ ఆబ్లిన్, నలభై ఏళ్ల తర్వాత 2010లో, మగవాళ్లందరికీ ఈ పరీక్ష చేసుకుంటూ పోవడం పెద్ద పొరపాటని తానే పత్రికకెక్కి రాశాడు.

పాత పద్ధతిలో అయితే పీఎస్ఏ పెరిగిందంటే తిన్నగా ముక్క పరీక్షే (బయాప్సీ). మలద్వారం గుండా అల్ట్రాసౌండ్ గొట్టం పెట్టి, గ్రంథిలో పది పన్నెండు చోట్ల సూది గుచ్చి ముక్కలు తీస్తారు. గడ్డ ఎక్కడుందో సూదికి తెలియదు. గుడ్డెద్దు చేలో పడ్డట్టే. ఆ వ్యవహారం ఎంత గుడ్డిదో బ్రిటన్‌లో ప్రామిస్ అనే అధ్యయనం లెక్క తేల్చింది. 2017లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 576 మందికి ఎమ్మారై తీశారు, పాత ముక్క పరీక్షా చేశారు. ఆ రెండింటిలో ఏది ఎంత నిజం చెప్పిందో తెలుసుకోవడానికి అందరికీ మత్తు ఇచ్చి, గ్రంథి అంతటా ఐదు మిల్లీమీటర్లకో సూది చొప్పున గుచ్చి చూశారు. ఇలాంటి పరీక్షకు ఒప్పుకున్న ఆ 576 మందికి దణ్ణం పెట్టాలి.

నాన్నకు నిద్ర పట్టని ఒక రాత్రి ఆ అంకెలు చదివి వినిపించాను. కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో రాసుకున్నాడు. పట్టించుకోవాల్సిన స్థాయి క్యాన్సర్ నిజంగా ఉన్నవాళ్లు 230 మంది. పాత ముక్క పరీక్ష అందులో 111 మందిని పట్టుకుంది.

“బొమ్మాబొరుసు వేసినా 115 వస్తాయి కదరా,” అన్నాడు.

ఎమ్మారై 213 మందిని పట్టుకుంది. నాన్న ముఖం విప్పారింది. ఆ తర్వాతి గడి నింపాక మళ్లీ ముడుచుకుంది. అంత క్యాన్సర్ లేనివాళ్లు 346 మంది. వాళ్లలో 205 మంది మీద కూడా ఎమ్మారై అనుమానం పెట్టింది. “ఏమీ లేనివాళ్లలో సగానికి పైగా దొంగలేనా!” అని పెన్సిలు కింద పెట్టేశాడు. ఎమ్మారై పరవాలేదన్నవాళ్లు మొత్తం 158 మంది, అంటే నూటికి 27 మంది. ముందుగా ఎమ్మారై తీస్తే ఆ 27 మందికి సూది తప్పించవచ్చునన్నది ఆ అధ్యయనం చెప్పిన మాట. ఆ 158 మందిలో 17 మందికి నిజంగా జబ్బు ఉందని నాన్న తీసివేత చేసి మరీ పట్టుకున్నాడు.

నా వాదన అంతా ఆ కరెంటు బిల్లు మీదే ఉంది. ఎమ్మారైకి క్యాన్సర్‌ను చూసే కళ్లు చాలావరకు ఉన్నాయి. దానికి లేనిది, ఇక్కడ ఏమీ లేదు, వదిలేయండి అని గట్టిగా చెప్పే ధైర్యం. యంత్రం సాయం కావలసిన చోటు అది.

అది ఎందుకంత కష్టమో తెలియాలంటే బొమ్మ చూడాలి. నాన్న స్కానింగ్ సీడీని నా కంప్యూటర్లో తెరిచి చాలాసేపు చూశాను. టీ2 అనే బొమ్మలో గ్రంథి వెనక అంచు తెల్లగా, పాలమీగడ రంగులో కనిపిస్తుంది. క్యాన్సర్లలో ఎక్కువ భాగం పుట్టేది ఆ అంచులోనే. అక్కడ నల్లటి మచ్చ పడితే అనుమానం. లోపలి భాగం ఈ వయసులో అందరికీ బుడిపెలు బుడిపెలుగా, చింతగింజలు పోసిన సంచిలా ఉంటుంది. ఏది ఉబ్బో ఏది జబ్బో విడదీయడం తలనొప్పి. రెండో బొమ్మ నీటి కదలికను చూపుతుంది. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిలో నీటి అణువులు స్వేచ్ఛగా అటూ ఇటూ తిరుగుతాయి. క్యాన్సర్ ఉన్న చోట కణాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ కిక్కిరిసి ఉంటాయి, సంక్రాంతి ముందు రోజు బస్టాండులా. నీరు కదలలేదు. ఆ కదలలేని చోటు ఒక బొమ్మలో వెలుగుతూ, దాని జంట బొమ్మలో నల్లగా కనిపిస్తుంది. మూడో బొమ్మకు చేతి నరంలోకి రంగు మందు ఎక్కిస్తారు. అది నిజంగా అవసరమా అని ప్రైమ్ అనే అధ్యయనం 490 మందిలో చూసింది. 2025లో ఫలితాలు వచ్చాయి: మందు ఉన్నా లేకున్నా పట్టించుకోవాల్సిన క్యాన్సర్ దొరికింది నూటికి సుమారు 29 మందిలోనే. మందు ఖర్చు తగ్గుతుంది, స్కాను సమయం తగ్గుతుంది. మన జేబులకు ఇది చిన్న వార్త కాదు.

వీటన్నిటినీ పక్కపక్కన పెట్టుకుని రేడియాలజిస్టు ఒకటి నుంచి ఐదు వరకు మార్కు వేస్తారు. దాన్ని పైరాడ్స్ అంటారు. మొదటి రూపం 2012లో వచ్చింది, ఇప్పుడు వాడుతున్నది 2019 నాటిది. నియమాలు రాసి ఉన్నా మార్కు వేసేది మనిషి కన్నే. నాన్నకు గుంటూరులో నాలుగు వేశారు. అదే సీడీని హైదరాబాదులో తెలిసిన ఒక రేడియాలజిస్టు మేడమ్‌కు పంపితే మూడు వేశారు. నాన్నకు ఇది నచ్చలేదు. “ఒకే పేపరుకు ఇద్దరు మాస్టార్లు రెండు మార్కులేస్తే ఎక్కడో జవాబు పత్రం ఉండాలి కదా, దాన్ని చూడమను,” అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇక యంత్రం సంగతి. ఈ రంగంలో ఇప్పటికి జరిగిన గట్టి పరీక్ష నెదర్లాండ్స్‌లోని నైమేగన్‌లో ఉన్న రాడ్‌బౌడ్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రం ముందుండి నడిపింది. పేరు పైకై. 2024లో లాన్సెట్ ఆంకాలజీలో వచ్చింది. 9,129 మంది మగవాళ్ల 10,207 ఎమ్మారైలు పోగేశారు. వాటిలో 9,207 పాఠం చెప్పడానికి, 1,000 పరీక్ష పెట్టడానికి. ఆ వెయ్యిలోంచి 400 తీసి 20 దేశాల నుంచి వచ్చిన 62 మంది రేడియాలజిస్టుల చేత కూడా చదివించారు. జబ్బు ఉన్నవాణ్ని లేనివాణ్ని వేరు చేసే నేర్పుకు ఒకటిని పూర్తి మార్కుగా పెట్టుకుంటే, యంత్రానికి 0.91, మనుషులకు సగటున 0.86 వచ్చాయి. పత్రికల్లో శీర్షికలైంది ఆ ముక్కే.

నాకు ఎక్కువగా నచ్చింది శీర్షికలకు ఎక్కని ముక్క. మనుషులు పట్టుకున్నన్ని క్యాన్సర్లే పట్టుకోమని యంత్రాన్ని సరిచేసి పెడితే, తప్పుడు అనుమానాలు నూటికి 50 తగ్గాయి. అంటే కరెంటు బిల్లు మీద నాన్న పెన్సిలు పడేసిన గడిలో సగం ఖాళీ అయినట్టు.

అదే పత్రంలో ఇంకో మాట కూడా ఉంది. నిజంగా ఆసుపత్రిలో రోజూ చదివేటప్పుడు డాక్టరు ముందు బొమ్మలతో పాటు రోగి పాత రిపోర్టులుంటాయి, పక్కన సహోద్యోగులుంటారు, యూరాలజిస్టు ఫోను చేసి చెప్పిన విషయాలుంటాయి. అలా చదివిన రిపోర్టులతో పోల్చినప్పుడు యంత్రం దాదాపు సమానంగా నిలిచింది గానీ, వాటికి తీసిపోదని నిరూపించలేకపోయింది. పాత రిపోర్టులూ తోడూ లేకుండా బొమ్మ చేతికిస్తే యంత్రం గెలుస్తుంది, మనిషికి అతని సామాను అతనికిస్తే దాదాపు సమఉజ్జీ అవుతుంది. రేడియాలజిస్టులకు శిక్షణ ఇవ్వడం ఇక ఆపేయాలనీ, ఐదేళ్లలో యంత్రాలు వాళ్లను మించిపోతాయనీ, ఏఐకి పునాదులు వేసినవాళ్లలో ఒకడైన జెఫ్రీ హింటన్ 2016లో అన్నాడు. ఆయనకు తర్వాత భౌతికశాస్త్రంలో నోబెల్ వచ్చింది. రేడియాలజిస్టులకేమో ఇంకా తీరిక దొరకడం లేదు.

అయితే ఒంగోలులోనో నిర్మల్‌లోనో ఒక స్కానింగ్ కేంద్రాన్ని ఊహించుకోండి. మోకాలు, మెదడు, వెన్నెముక, ప్రోస్టేట్ అన్నీ చదివేది ఒక్కరే. పక్కన సహోద్యోగి లేడు. పాత రిపోర్టులు రోగి ఇంట్లో మరిచి వచ్చాడు. యూరాలజిస్టు వేరే ఊళ్లో. అంటే మన చిన్న ఊరి డాక్టరు, పాత రిపోర్టులూ సహోద్యోగులూ లేకుండా చదివిన ఆ 62 మంది పరిస్థితిలోనే రోజూ ఉంటాడు. ఆ లెక్కన యంత్రం అవసరం నైమేగన్‌కన్నా ఒంగోలుకే ఎక్కువ. చిక్కేమిటంటే, యంత్రం పాఠం నేర్చింది నెదర్లాండ్స్ మగవాళ్ల బొమ్మల మీద.

ఒళ్లంటే ఎక్కడైనా ఒళ్లే కదా అనుకున్నాను నేను కూడా. నాన్న ముక్క పరీక్ష ఫలితం వచ్చేదాకా.

నాలుగూ మూడూ కొట్టుకుంటుంటే మధ్యలో మేం నలిగి, చివరికి ముక్క తీయించాం. రెండో రోజు రాత్రి నాన్నకు వణుకుతో జ్వరం. సూది మలద్వారం గోడ గుండా వెళ్తుంది కనుక అక్కడి సూక్ష్మక్రిములు రక్తంలోకి చేరే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. మన దేశంలో చాలా క్రిములకు మామూలు యాంటీబయాటిక్‌లు పనిచేయడం మానేశాయి కాబట్టి మనకు అది ఇంకాస్త ఎక్కువ. ఈ మధ్య మలద్వారాన్ని వదిలేసి దానికి ముందున్న చర్మం గుండా గుచ్చే పద్ధతి పెరుగుతోంది, మాకు అది ఉందని ఎవరూ చెప్పలేదు. మూడు రోజులు ఆసుపత్రిలో ఉన్నాం. వారం తర్వాత రిపోర్టు: క్యాన్సర్ లేదు. గ్రాన్యులోమాలతో, అంటే రోగనిరోధక కణాలు గుంపుకట్టిన చిన్న బుడిపెలతో, కూడిన వాపు.

“ఎప్పుడైనా టీబీ మందులు వాడారా మాస్టారూ?” అని అడిగారు యూరాలజిస్టు. నాన్న వాడలేదు, ఆ తర్వాతి పరీక్షల్లోనూ టీబీ కనబడలేదు. కారణం తేలని వాపు అది, దానంతటదే తగ్గుతుందన్నారు. “ఈ రకం వాపు ఎమ్మారైలో క్యాన్సర్ వేషం వేసుకుని వస్తుందండీ. టీబీ వల్ల వచ్చినా ఇలాగే ఉంటుంది. సూది పెడితే తప్ప వేషం ఊడదు,” అన్నారు ఆయన.

ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు మన దేశంలో ఉన్నారు. ప్రోస్టేట్‌కు టీబీ రావడం అరుదే. కానీ ఆ అరుదైనదాన్ని నైమేగన్ యంత్రం ఎన్నిసార్లు చూసి ఉంటుంది? చూడనిదాన్ని అది గుర్తుపట్టదు. పైగా నాకు తెలియదు అని చెప్పదు, క్యాన్సర్ అని ఒక అంకె వేసి చూపిస్తుంది. యంత్రాలు ఏది నేర్చుకుంటాయో మనకు ముందుగా తెలియదన్నది నా ఉద్యోగంలో రోజూ తినే దెబ్బ. కోవిడ్ కాలంలో ఛాతీ ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే ప్రోగ్రాములు కొన్ని, ఊపిరితిత్తులను వదిలేసి ఫిల్ము అంచున ఉన్న అక్షరాల గుర్తులను చూసి ఏ ఆసుపత్రి నుంచి వచ్చిందో పోల్చుకుని మార్కులు కొట్టేశాయని తర్వాత తేలింది. కాపీ కొట్టి పాసైన పిల్లవాడికీ చదివి పాసైన పిల్లవాడికీ మార్కుల జాబితాలో తేడా ఉండదు.

ఇక్కడ నా మీద నేనే ఒక అభ్యంతరం చెప్పుకోవాలి. వదిలేయమని యంత్రం చెప్పి ఉంటే నేను వదిలేసేవాణ్నా? వదిలేసేవాణ్ని కాను. అక్క అసలే ఊరుకునేది కాదు. ఒక క్యాన్సర్‌ను చూడక వదిలేసిన డాక్టరును తిడతాం, కోర్టుకు లాగుతాం. అనవసరంగా ముక్క తీయించిన డాక్టరుకు, ఏమీ లేదని తేలిన సంతోషంలో, పూతరేకుల డబ్బా పట్టుకెళ్లి ఇస్తాం. నేను ఇచ్చాను. ఈ తూకం ఇలా ఉన్నంతకాలం డాక్టరు అయినా యంత్రం అమ్మేవాడు అయినా అనుమానం వైపే మొగ్గుతాడు. సాఫ్ట్‌వేర్‌లో ఎంత అనుమానం దగ్గర గంట మోగాలో నిర్ణయించే మీట ఒకటుంటుంది. దాన్ని ఎక్కువ మోగే వైపు తిప్పిపెట్టి, మా యంత్రం ఇన్నిటిని పట్టుకుంది అని ప్రకటించుకోవడం సులువు.

ఎక్కువ పట్టుకుంటే నష్టమేమిటి అంటారా? ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలావరకు నత్తనడక రకం. బ్రిటన్‌లోనే ప్రొటెక్ట్ అనే అధ్యయనంలో, గ్రంథి దాటని తొలిదశ క్యాన్సర్ ఉన్న 1,643 మందిని మూడు గుంపులుగా చేసి, ఒకరికి శస్త్రచికిత్స, ఒకరికి రేడియేషన్, ఒకరికి కేవలం గమనిస్తూ ఉండటం ఇచ్చారు. పదిహేనేళ్ల తర్వాత 2023లో చూస్తే ఆ జబ్బుతో చనిపోయింది మొత్తం మీద 45 మంది. మూడు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. చికిత్స వల్ల మూత్రం ఆపుకోలేకపోవడం, దాంపత్య జీవితం దెబ్బతినడం మాత్రం నిజమైన నష్టాలు. మన మగవాళ్లు వాటిని ఎవరితోనూ చెప్పుకోరు, భార్యతో కూడా.

దీనికి మన దగ్గర రెండో కొస ఉందని తెలుసు. ఇక్కడ చాలామంది ఆసుపత్రికి వచ్చేసరికే జబ్బు ఎముకలకు పాకి ఉంటుంది. నడుము నొప్పి అని ఆర్థోపెడిక్ డాక్టరు దగ్గరకు వెళ్లి అక్కడ బయటపడేవాళ్లున్నారు. వాళ్లకు ఏ యంత్రమూ అక్కరలేదు. అంతకు ముందే ఎవరో ఒకరు ఒంట్లో ఎలా ఉందని అడిగి ఉంటే కొందరికైనా జబ్బు ముందుగా బయటపడేదేమో. ఆ ప్రశ్న అడగడం సాఫ్ట్‌వేర్ వల్ల కాదు కాబట్టి దాన్ని ఇక్కడితో వదిలేస్తున్నాను.

నాన్న అడిగిన జవాబు పత్రం దగ్గరకు వస్తాను. నాలుగు వేసిన డాక్టరుకూ, మూడు వేసిన మేడమ్‌కూ, చివరికి ఏం తేలిందో ఎవరైనా చెప్పారా? స్కాను ఒక చోట తీశారు. ముక్క ఒక ఆసుపత్రిలో తీశారు. దాన్ని చదివింది మూడో చోట ఉన్న ల్యాబు. ఈ మూడు కాగితాలూ కలుసుకున్న చోటు భూమ్మీద ఒక్కటే: మా ఇంట్లో బీరువా రెండో అరలో, పట్టుచీరల కింద ఉన్న పాలిథిన్ కవరు. యంత్రానికి పాఠం చెప్పాలంటే బొమ్మ పక్కన జవాబు ఉండాలి. నైమేగన్ వాళ్ల గొప్పతనం అల్గారిథమ్‌లో కన్నా అందులో ఎక్కువ. ఎమ్మారైల పక్కన ముక్క పరీక్ష ఫలితమో, ఆ తర్వాత కొన్నేళ్లు రోగి ఎలా ఉన్నాడన్న సమాచారమో వాళ్లు కట్టిపెట్టారు. మనకు బొమ్మలకు కొదవ లేదు. జవాబులన్నీ బీరువాల్లో ఉన్నాయి.

ఆరోగ్యశ్రీ కింద చికిత్సకు అనుమతి కావాలంటే ఆసుపత్రులు రిపోర్టులు ఆన్‌లైన్‌లో పెట్టాల్సిందే. పథకం 2007లో మొదలైంది. అంటే బిల్లు మంజూరు కోసం కాగితాలను ఒక చోటికి చేర్చడం మనకు చేతకానిదేమీ కాదు. నేర్చుకోవడం కోసం కూడా చేర్చవచ్చు. ఆభా అని 14 అంకెల ఆరోగ్య సంఖ్య ఇప్పటికే చేతికిచ్చారు. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది. రోగి ఒప్పుకుంటేనే, పేరు తీసేసి, రెండు రాష్ట్రాల బోధనాసుపత్రుల్లో తీసిన ప్రోస్టేట్ ఎమ్మారైల పక్కన వాటి ముక్క పరీక్ష ఫలితాలు చేర్చి పెడితే, విదేశాల నుంచి ఏ సాఫ్ట్‌వేర్ వచ్చినా కొనేముందు ఒక పరీక్ష పెట్టవచ్చు. ఇవిగో మా వాళ్ల బొమ్మలు, వీటిలో ఎవరికి సూది అక్కరలేదో చెప్పు అని. ఎన్ని క్యాన్సర్లు పట్టుకున్నావని అడగడం ఆ తర్వాత. ఈ పరీక్ష పెట్టకుండా కొనడానికి నేను వ్యతిరేకిని. పెట్టాక నెగ్గిన యంత్రం ఒంగోలుకు రాకపోతే అప్పుడు కూడా గొడవ చేస్తాను.

మొన్న నాన్నను తీసుకుని గుంటూరు వెళ్లినప్పుడు ఆ స్కానింగ్ కేంద్రంలో ఆగాను. ముక్క పరీక్ష రిపోర్టు జెరాక్సు కౌంటర్లో ఇచ్చి, నాలుగు వేసిన డాక్టరు గారికి చేర్చమన్నాను.

“ఇది మా దగ్గర చేసింది కాదండీ,” అంది కౌంటర్లో అమ్మాయి.

“తెలుసమ్మా. ఆయన చూడటానికే.”

“బిల్లు నంబరు?”

బిల్లు లేదని చెప్పేసరికి ఆ అమ్మాయికి ఏం చేయాలో తోచక లోపలికి వెళ్లింది. పావుగంటకు డాక్టరే బయటకు వచ్చారు. నాకన్నా చిన్నవాడిలా ఉన్నారు. నిలబడే చదివారు, రెండోసారి కూర్చుని చదివారు. “నాలుగు వేసింది నేనే,” అన్నారు. “తర్వాత ఏమైందో మాకు ఎవరూ చెప్పరండీ.” ఆ బొమ్మల పక్కన ఈ కాగితం ఉంచుకోవచ్చునా అని నాన్నను అడిగారు.

నాన్న కళ్లజోడు సర్దుకుని కాగితం ఒకసారి వెనక్కి తీసుకున్నాడు. ల్యాబు వాళ్లు వయసు డెబ్బై ఒకటి అని కొట్టారట. జేబులోంచి పెన్ను తీసి, ఒకటిని కొట్టేసి రెండు వేసి, పక్కన పొడి సంతకం పెట్టి ఇచ్చాడు.